టిక్కెట్టు లేని హౌస్‌ఫుల్ షో... నిర్మాత ఎవరు?

వెండితెర మీద బొమ్మ పడాలంటే నిర్మాత కావాలి, ఫైనాన్షియర్ కావాలి, బయ్యర్లు కావాలి. మరి టిక్కెట్టు లేకుండా ఏడాది పొడుగునా హౌస్‌ఫుల్‌గా నడిచే షోకి పెట్టుబడి ఎవరిది? అన్నవరం రత్నగిరి మీద సత్యదేవుని సన్నిధిలో జరిగే నిత్యాన్నదానం గురించే నేనడిగేది!

ఇక్కడ ఆకులో కట్టిచ్చే గోధుమరవ్వ ప్రసాదం కొనుక్కోవాలి. భోజనానికి మాత్రం పైసా అడగరు. కార్తీకమాసంలో వ్రతాల జనం కొండంతా నిండిపోయినా అంతే. తిని చెయ్యి కడుక్కుని వచ్చేస్తాం. బియ్యం, కందిపప్పు, నూనె, కూరగాయలు ఎక్కణ్ణించి వచ్చాయని ఎవరడుగుతారు?

గోదావరి సీమలో ఇది పాత కథే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) రేవు దాటొచ్చిన బాటసారులకి వేళాపాళా లేకుండా వండి వడ్డించారు. అప్పుడు పెట్టుబడి సొంత పొలం, సొంత గాదె. పంట బాగుంటే సరే, లేకపోతే ఆ ఇంటికే కష్టం. నిర్మాత, దర్శకురాలు, వంటమనిషి అన్నీ ఆవిడే! 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ ఖర్చు ప్రభుత్వ ఖజానాది.

ఆలయాల పద్ధతి వేరు. శాశ్వత అన్నదానానికి దాత ఇచ్చిన అసలు ముట్టుకోరు. బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో వండుతారు. పెళ్లిరోజో, పుట్టినరోజో, పెద్దల తద్దినమో... దాత కోరిన తేదీన ఏటా వాళ్ల పేరున భోజనం పెడతారు. మన భాషలో చెప్పాలంటే మినిమం గ్యారంటీ అన్నమాట!

తిరుమలలో 1985లో ఈ పథకాన్ని ప్రారంభించింది ఎవరో తెలుసా? మన రాముడు, మన కృష్ణుడు... అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు! రోజుకి 2,000 మందితో మొదలైంది. 2025 నాటికి అక్కడ ఒక్కరోజు మొత్తం ఖర్చు భరించే దాత ఇవ్వాల్సింది 44 లక్షల రూపాయలు.

అయితే ఈ కథలో విలన్ కూడా ఉన్నాడు. లెక్క చూడండి. 10,000 రూపాయల డిపాజిట్‌కి 10 శాతం వడ్డీ అయితే ఏడాదికి 1,000. అదే 6 శాతానికి దిగితే 600. 1990లలో బ్యాంకులు 10 శాతం పైన ఇచ్చిన రోజులున్నాయి. తర్వాత వడ్డీ తగ్గింది, పప్పు ధర పెరిగింది. పాత దాత పేరు బోర్డు మీద అలాగే ఉంటుంది. ఆ పేరున వడ్డించగలిగే విస్తళ్లే తగ్గుతాయి! అందుకే కొత్త దాతలు ఎప్పుడూ వస్తూ ఉండాలి.

నేను భోంచేసి వస్తుంటే ఒక పెద్దావిడ చెంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసింది. "బాబూ, అన్నానికి ఇచ్చే డబ్బులు ఇక్కడేనా వెయ్యడం?" అని అడిగింది. అవునన్నాను. వడ్డీ ఆగినచోట పొయ్యి ఆరకుండా చూసేది ఇలాంటి నోట్లే.

అభిమాన సోదరులారా! హీరో పుట్టినరోజుకి మీరూ అన్నదానాలు చేస్తారు, మంచిదే. కటౌట్ పూలదండల ఖర్చులో కొంత ఏటేటా పోగుచేసి, మీకు నచ్చిన చోట ఆ తేదీ పేరున జమ చెయ్యండి. ధరలు పెరిగినప్పుడల్లా కాస్త కలుపుతూ ఉండండి. సినిమా వంద రోజులాడితే పండగే... మీ హీరో పేరున అన్నం ఏటా ఉడికితే అంతకన్నా పెద్ద పండగ!