లైటు వెయ్యకు అమ్మమ్మా!

2014 జూన్ 27, తెల్లవారుజాము. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పగిలి, గ్యాస్ ఇళ్ళ మధ్యకి పాకింది. చాలామంది ఇంకా నిద్ర లేవలేదు. ఒక టీకొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి.

ఆ పైపు మన చేతిలో లేదు. కానీ మన వంటింట్లోనూ వరస అదే: ముందు లీకు, తర్వాత నిప్పు. రెండిటికీ మధ్య కాస్త టైమ్ ఉంటుంది. ఇల్లు దక్కేది ఆ టైమ్‌లోనే.

సిలిండర్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లకి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. మనకి కొట్టే ఆ కంపు ఇథైల్ మెర్కాప్టాన్‌ది. లీకైతే తెలియాలనే దాన్ని కలుపుతారు. అంటే అది మనకిచ్చిన అలారం. గాలిలో ఈ గ్యాస్ సుమారు 2 శాతం చేరితే చాలు, చిన్న రవ్వకే అంటుకుంటుంది.

ఇంకో సంగతి. పైప్‌లైన్‌లో ఎక్కువగా ఉండే మీథేన్ గాలికంటే తేలిక, పైకి పోతుంది. సిలిండర్ గ్యాస్ బరువు, కింద నేలమీదే పరుచుకుంటుంది. మన ఊళ్ళలో వంటింటి గుమ్మం దాటగానే పెరట్లో కొబ్బరి డొక్కలతో నీళ్ళ పొయ్యి మండుతూ ఉంటుంది కదా! లోపలి గ్యాస్ గడప దాటి అక్కడిదాకా పాకగలదు. దేవుడి దగ్గర దీపమూ అంతే.

మా అమ్మమ్మకి ఇదంతా చెప్తే ఒకటే అడిగింది: "లైటు వేసి చూడకపోతే ఎక్కడ లీకవుతుందో ఎలా తెలుస్తుందిరా?"

మంచి ప్రశ్నే. కానీ స్విచ్ వేసినా, ఆపినా లోపల చిన్న రవ్వ పుడుతుంది. అందుకే ఏ స్విచ్ ముట్టుకోకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సహా. లీకు వెతకడం తర్వాత పని. ముందు పొయ్యి, దీపం ఆర్పాలి. చీకట్లోనైనా తడుముకుని రెగ్యులేటర్ కట్టెయ్యాలి. తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి వచ్చెయ్యాలి. ఫ్రిజ్ దానంతటదే ఆన్, ఆఫ్ అవుతుంది కాబట్టి, మెయిన్ ఇంటి బయట దూరంగా ఉంటే అక్కడ కరెంటు ఆపాలి. ఫోన్ కూడా బయటికొచ్చాకే: గ్యాస్ లీకుకి 1906, మంటకి 101.

ఇక రోజూ చేసేది: పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపడం. అప్పుడప్పుడు ట్యూబ్‌కి సబ్బునీళ్ళు రాసి చూస్తే, లీకున్నచోట బుడగలొస్తాయి. అగ్గిపుల్లతో మాత్రం చూడొద్దు. ట్యూబ్ మీద తేదీ ఉంటుంది, గడువు దాటితే మార్చెయ్యాలి.

ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో ఒక రిహార్సల్ చెయ్యండి. కళ్ళు మూసుకుని రెగ్యులేటర్ కట్టమనండి. మా అమ్మమ్మకి మొదటిసారి నాబ్ ఎటు తిప్పాలో తెలియలేదు. ఇప్పుడు నాకంటే ముందే కట్టేస్తోంది.