ఇండస్ట్రియల్ బెల్టులో మందు యాత్ర

డబ్లిన్ నగరంలో 1988 నుంచి ఒక టూరు నడుస్తోంది. పొద్దు వాలగానే జనాన్ని ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకు నడిపిస్తారు. దారిపొడుగునా నటులు ఆ ఊరి రచయితల మాటలు అభినయించి చూపిస్తారు. మరి మనకో? జూబ్లీహిల్స్ పేరెత్తకండి, అక్కడ పార్కింగ్ దొరికేసరికే తెల్లారుతుంది. లింగంపల్లిలో వ్యాన్ ఎక్కండి. ముంబై హైవే మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటుకుంటూ సంగారెడ్డి దాకా పోదాం. గైడును నేనే. టికెట్ లేదు. గ్లాసు కూడా లేదు, ప్రశ్నలు మాత్రం బోలెడు!

మీకు తెలుసా? తెలుగులో 'మందు' అన్న ఒక్క మాటకు రెండు అర్థాలుంటే, ఆ రెండూ తయారయ్యే జిల్లా ఈ సంగారెడ్డే. పటాన్‌చెరు, బొల్లారం వైపు మాత్రల ముడిసరుకు. సంగారెడ్డి వైపు బీరు. ఇక్కడ "అబ్బాయి మందుల కంపెనీలో చేస్తడు" అని చెబితే పిల్లనిచ్చేవాళ్లు ఇంకో ప్రశ్న కచ్చితంగా అడగాల్సిందే!

బొల్లారం అంటే రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారం అనుకునేరు. ఇది వేరు, ఫ్యాక్టరీల బొల్లారం. ఆటో ఎక్కేముందే తేల్చుకోండి, లేకపోతే రాష్ట్రపతి గేటు ముందు దిగి బల్క్ డ్రగ్స్ అడ్రసు అడగాల్సి వస్తుంది.

చారిత్రక పేట అంటే చార్మినారేనా? మీకు తెలుసా, పటాన్‌చెరు ఒకప్పుడు రాజధాని! సుమారు వెయ్యేళ్ల కిందట కళ్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడు ఏలిన పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడంలో కెరె అంటే చెరువు. రాజ్యం పోయింది, చెరువు మిగిలింది. మామూలుగా మన దగ్గర చెరువే ముందు పోతుంది కదా!

ఆ చెరువుల్లో ఒకదాని పేరు సాకి చెరువు. ఉర్దూ గజళ్లలో సాకీ అంటే ఎవరో మీకు తెలుసా? మధుపాత్ర నింపి చేతికందించే మనిషి! మందు టూరుకు ఇంతకన్నా మంచి మొదటి స్టాపు దొరుకుతుందా?

ఇప్పుడు కాస్త వెనక్కి, 17వ శతాబ్దానికి వెళ్దాం. ఈ ముచ్చట దగ్గర వ్యాన్ కొంచెంసేపు ఆపుతాను, ఏమీ అనుకోకండి. టావెర్నియే అని ఒక ఫ్రెంచి వజ్రాల వ్యాపారి. గోల్కొండ వజ్రాలకోసం మళ్లీ మళ్లీ వచ్చి, తన యాత్రల పుస్తకం 1676లో అచ్చేయించాడు. వజ్రాలు చూడ్డానికి వచ్చినాయన కళ్లు దేనిమీద పడ్డాయో మీకు తెలుసా? కల్లు మీద!

రోజూ 500, 600 గుర్రాలు కల్లు మోసుకుంటూ హైదరాబాద్ నగరంలోకి వచ్చేవని రాశాడాయన. కుండల్లో కాదు, తోలు తిత్తుల్లో. నడిచి కూడా కాదు, పరుగున! ఆలస్యమైతే కల్లు పులుస్తుందని గుర్రానికీ తెలుసన్నమాట. పదిహేను నిమిషాల్లో డెలివరీ అని ఇవాళ యాప్‌లు గొప్పలు పోతుంటే నవ్వు రాదూ?

ఇంకా ఉంది. చీకటి పడ్డాక వీధి గుమ్మాల ముందు దీపాలు వెలిగేవట, కల్లు అంగళ్లు అప్పుడే తెరిచేవారట. కల్లు మీద పన్ను సుల్తాను ఖజానాకు బాగానే చేరేదట. సాయంత్రం, దీపాలు, వరుసగా దుకాణాలు, విదేశీ టూరిస్టు, నోటుబుక్కు... ఈ గడ్డ మీద మొదటి గైడెడ్ బార్ టూరుకు ఇంకేం తక్కువైంది? గైడొక్కడే!

సుల్తాన్ల లెక్క సరే, మన లెక్క మీకు తెలుసా? 2023లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకు లాటరీ తీశారు. వచ్చిన దరఖాస్తులు 1,31,954! అప్పట్లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల ఫీజు, తిరిగివ్వరు. అంటే ఒక్క సీసా మూత తియ్యకముందే 2,639 కోట్లు. షాపు తగలనివాడు తాగకుండానే తూలాడు.

ఆ షాపుల బోర్డు మీద రాసేది 'వైన్స్'. లోపల కౌంటర్ దగ్గర నిలబడి "వైన్ ఉందా?" అని ఒకసారి అడిగి చూడండి. మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తాడు. వైన్ షాపులో అందరికన్నా తక్కువ అమ్ముడయ్యేది వైనే!

ఇంకో ముచ్చట. 'బెల్టు' అంటే ఇక్కడ ఫ్యాక్టరీల బెల్టు. ఊళ్లోకి వెళ్లి బెల్టు ఎక్కడని అడిగితే, లైసెన్సు లేకుండా కిరాణా కొట్టు వెనక అమ్మే బెల్టు షాపు చూపిస్తారు. ఇండస్ట్రియల్ బెల్టులో బెల్టు షాపు. నడుముకు కట్టుకునేది మాత్రం ఎక్కడా దొరకదు!

వ్యాన్ ఇక్రిశాట్ గేటు ముందు స్లో అయింది. 1972లో పెట్టిన ఈ అంతర్జాతీయ పరిశోధన సంస్థలో విత్తనాల బ్యాంకు ఉంది. అందులో ఎన్ని రకాలున్నాయో మీకు తెలుసా? లక్షా ఇరవై వేలకు పైనే! జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. ఆగండి, బార్ టూరులో జొన్నల ముచ్చటేంటంటారా?

చైనావాళ్ల పేరుమోసిన మౌతాయ్ తయారయ్యేది దేనితో అనుకున్నారు? జొన్నతో! ఆఫ్రికాలో ఊరూరా కాచే సంప్రదాయ బీరు కూడా చాలాచోట్ల జొన్నదే. మనం మాత్రం బుద్ధిగా రొట్టె చేసుకుని, పక్కన కల్లు పెట్టుకుంటాం. పంట ఒకటే, తెలివి ఎవరిది ఎక్కువో మీరే చెప్పండి.

ఇంతకీ ఇక్కడి జొన్న కూడా సారా అయింది, తెలుసా? ఇక్రిశాట్ తోడ్పాటుతో, తీపి జొన్న కాండాల రసం నుంచి ఇథనాల్ తీసే డిస్టిలరీ 2007 ప్రాంతంలో ఈ ఉమ్మడి మెదక్ జిల్లాలోనే మొదలైంది. అది తాగడానికి కాదు, బండ్లకు పొయ్యడానికి. బండి తాగితే పర్యావరణ హితం, బండి నడిపేవాడు తాగితే చలాను!

చలాను అంటే గుర్తొచ్చింది. చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. పోలీసు మిషన్ ముందు "సార్, ఒక్క బీరే" అన్న మాటకు మాత్రం హద్దులేదు. ప్రతి మనిషీ ఒక్కటే తాగుతాడు, సీసాలు మాత్రం డజను ఖాళీ అవుతాయి.

ఇప్పుడు అసలు స్టాపు. కింగ్‌ఫిషర్ వాళ్లు, కార్ల్స్‌బర్గ్ వాళ్లు, బడ్‌వైజర్ వాళ్లు ముగ్గురికీ బ్రూవరీలున్న జిల్లా ఏది? ఇదే! అందులో ఒక బ్రూవరీ పేరు చార్మినార్ బ్రూవరీస్. చార్మినార్ అక్కడికి దాదాపు అరవై కిలోమీటర్లు. పేరు చూసి పాతబస్తీలో వెతికేరు!

మరి గేటు ముందు నిలబడి ఒక చల్లటి సీసా కొనొచ్చా? కుదరదు. రాష్ట్రంలో మందు టోకున కొనేది ఒక్కరే, సర్కారు వారి బెవరేజెస్ కార్పొరేషన్. బ్రూవరీ గోడ పక్కన ఇల్లున్నా సరే, మీ సీసా ముందు సర్కారు డిపోకు వెళ్లి, అక్కణ్నుంచి షాపుకు వచ్చి, అప్పుడు మీ చేతికొస్తుంది. మీకన్నా ముందు మీ బీరే టూరు చేస్తుంది!

మరి ఆ ఒక్క గిరాకీతో పేచీ వస్తే? 2025 జనవరి 8న వచ్చింది. ఐదేళ్లుగా రేటు పెంచలేదు, బకాయిలు రావాలి అంటూ కింగ్‌ఫిషర్ కంపెనీ సరఫరా ఆపేసింది. సంక్రాంతి ఇంకో వారం కూడా లేదు! 20న మళ్లీ లారీలు కదిలాయి. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధర 15 శాతం పెరిగింది. పండక్కి అల్లుడు అలిగాడంటే కారణం అత్తగారు కాకపోవచ్చు.

ఆ కంపెనీ వయసెంతో మీకు తెలుసా? 1915లో పుట్టింది. దక్షిణాదిలోని ఐదు చిన్న బ్రూవరీలను థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండు మనిషి కలిపేశాడు. తొలిరోజుల్లో పీపాల బీరు దండు బజార్లకు వెళ్లింది దేనిమీద? ఎడ్లబండ్ల మీద! డ్రంకెన్ డ్రైవ్ భయం లేదు, ఎడ్లకు ఇంటిదారి తెలుసు.

బీరుకు వరద కూడా వస్తుంది, విన్నారా? 1814 అక్టోబరు 17న లండన్‌లో ఒక బ్రూవరీ తొట్టి పగిలి బీరు వీధిలోకి పొంగింది, గోడలు కూలాయి, ఎనిమిది మంది చనిపోయారు. నవ్వాలో ఏడవాలో తెలియని రికార్డు.

ఇందాక దండు బజార్లు అన్నాను కదా, దండు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. కుర్ర సైనికాధికారిగా ఉన్నప్పుడు చర్చిల్ 1896లో ఇక్కడికొచ్చి, హైదరాబాద్‌లో పోలో పోటీ గెలిచిన జట్టులో ఆడాడు. కప్పు ఇక్కడ గెలిచాడు. బాకీ మాత్రం బెంగళూరు క్లబ్బులో పెట్టాడు, 13 రూపాయలు! 1899 నాటి ఆ ఖాతా పుస్తకాన్ని క్లబ్బు ఇప్పటికీ దాచుకుంది. 'అరువు రేపు' బోర్డు అప్పటికి ఇంకా పుట్టలేదు కాబోలు.

బీరు చాలు, చెట్టు కిందికి రండి. లొట్టిలోంచి వంచుతుంటే దోసిలి పట్టే చోటికి. తెల్లవారకముందు దింపిన నీరా తియ్యన, గాలిలోని ఈస్టు చేరి గంటల్లోనే అది కల్లు. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. లొట్టికి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగానే నిలుస్తుంది. ఒక్క పూత తేడాతో తీర్థమా, తాగుడా తేలిపోతుంది!

మీకు తెలుసా? తాటికల్లు అంతా ఒకటి కాదు. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు, దేని రుచి దానిదే. ఈతకల్లు మళ్లీ వేరే లోకం. వైన్ గురించి ఫ్రెంచివాళ్లు ముక్కు గ్లాసులో పెట్టి చెప్పే కబుర్లన్నీ మన గీత కార్మికుడు మోకు సర్దుకుంటూ రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. పైగా ఆయన రోజుకు రెండుపూటలా చెట్టెక్కాలి. సోమెలియే అనే ఆ వైన్ రుచుల నిపుణుణ్ని ఒకసారి ఎక్కమనండి చూద్దాం!

ఆ చెట్లెక్కేవాళ్ల దేవుడు కాటమయ్య. 2024 జూలైలో ఆ గీత కార్మికులకు పడిపోకుండా కాపాడే కిట్లు సర్కారు పంచింది. పేరేం పెట్టిందో తెలుసా? కాటమయ్య రక్ష! బెల్టు, తాళ్లు ఉన్న కిట్టు. అమ్మయ్య, ఈ జిల్లాలో నడుముకు కట్టుకునే బెల్టు దొరికింది.

హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. పదేళ్లకు, 2014లో తెరుచుకున్నాయి. పదేళ్లు పులిసిన దాహం ఎలా ఉంటుందో ఊహించుకోండి!

నవ్వు ఒక్క నిమిషం ఆపుదాం. రెండు మందులు ఒకే సీసాలో కలిస్తే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. కల్లులో అల్ప్రాజోలం అనే నిద్రమాత్రల పొడి కలపడం పదే పదే పట్టుబడుతున్న నేరం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మన టూరులో చెట్టు కనబడని చోట కల్లు ముట్టం.

ముట్టకూడని ద్రవం ఇంకోటుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ల పరీక్ష ఫలితాలు బయటపెట్టారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! రోజుకు 45 కిలోలు పోతోందని లెక్కగట్టారు. అది స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడేంత. శుద్ధి చేశాక తేలిన లెక్క అది! ప్రిస్క్రిప్షన్ లేకుండా ఒక వాగు వాగంతా కోర్సు వాడింది.

మంచినీళ్ల సంగతేమిటంటారా? 1965 నుంచి హైదరాబాద్ గొంతు తడుపుతున్న మంజీర జలాశయంలో ఎవరుంటారో మీకు తెలుసా? మొసళ్లు! 1978 నుంచి అది వన్యప్రాణి అభయారణ్యం. నగరంలో కుళాయి తిప్పినప్పుడల్లా ఒక మొసలి ఈదిన నీళ్లు వస్తున్నాయని గుర్తుపెట్టుకుంటే, బీరే నయమనే వాదన ఒకటి బయల్దేరుతుంది. మీ ఇంట్లో మాత్రం అది నిలబడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్ల శాతంలో మొదటి రాష్ట్రం అరుణాచల్ ప్రదేశ్, 53. రెండోది? చెప్పుకోండి. 43తో మనమే! వెండి పతకం. సర్వేవాళ్లకు కూడా "ఒక్క బీరే" అని చెప్పినవాళ్లను కలుపుకుంటే అరుణాచల్ కాస్త జాగ్రత్తగా ఉండాలి.

1980లలో ఉమ్మడి రాష్ట్ర సర్కారే సారాను ప్లాస్టిక్ పొట్లాల్లో పంచింది. పథకం పేరు వారుణి వాహిని. వారుణి అంటే పురాణాల్లో మద్య దేవత! పేరు పెట్టినాయనకు సంస్కృతంలో నూటికి నూరు వేయొచ్చు. కానీ పేపరు దిద్దింది మాత్రం సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, 1992లో. ఫలితం? 1993లో సారా బంద్. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. 1997లో మళ్లీ తలుపులు బార్లా... క్షమించాలి, ఆ మాట దానంతటదే వచ్చింది.

సంగారెడ్డి వచ్చేసింది, ఆఖరి స్టాపు. తూలేవాళ్లను ఎక్కడ దింపాలో తెలుసా? 1796లో కట్టిన పాత జైలు దగ్గర! 2016లో దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీగా ఉండే పథకం పెట్టారు. ఖైదీ బట్టలు, జైలు కూడు, జైలు గది, అన్నీ అసలువే. ఆ తర్వాత మలేసియా నుంచి ఇద్దరు స్నేహితులు పనిగట్టుకుని వచ్చి డబ్బు కట్టి రెండు రోజులు లోపల ఉండి వెళ్లారు. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే పది వేల దాకా జరిమానా, పైగా జైలు భయం. ఇక్కడ అప్పట్లో ఐదొందలకే జైలు, బండి తాళాలు కూడా మీ జేబులోనే ఉండేవి!