గేరుపెట్టెకు వడదెబ్బ

ఆటోమేటిక్ కారు కొన్నవాళ్ళు తరచు వినే మాట ఒకటుంది. గేర్ బాక్సులో ఆయిలు మార్చే పనే లేదనీ, బండి ఉన్నన్నాళ్ళూ అదే సరిపోతుందనీ. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఇంజను ఆయిలుకు తగిలే పెట్రోలు మసి దీనికి తగలదు. గేరుపెట్టె మూసి ఉంటుంది కాబట్టి రోడ్డు దుమ్మూ పెద్దగా చేరదు. అందుకే 10,000 కిలోమీటర్లకోసారి మార్చాల్సిన అవసరం రాదు. కానీ ఈ నూనెను అరగదీసేది మసి కాదు, వేడి. వేడి మాట ఎత్తితే పల్నాడులో రెంటచింతల పేరు రాక తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎండలు బాగా మండే ఊళ్ళ జాబితా ఎవరు వేసినా అందులో ఈ ఊరు ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. అలాంటి చోట తిరిగే కారు గేరుపెట్టెలో ఏం జరుగుతుందో, ఆ నూనెనూ ఫిల్టరునూ ఎప్పుడు, ఎలా మార్చాలో చూద్దాం.

ముందు ఏ ఆటోమేటిక్కో తేల్చుకోవాలి

క్లచ్ పెడల్ లేని కార్లన్నిటినీ మనం ఆటోమేటిక్ అనే పిలుస్తాం. లోపల మాత్రం నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. 2014లో సెలెరియో కారుతో మన దేశంలో అడుగుపెట్టి చిన్న పట్టణాల దాకా పాకిన ఏఎంటీ నిజానికి మామూలు గేర్ బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అనే రెండు పనులూ మనిషి బదులు ఒక యంత్రపు చెయ్యి చేస్తుంది. అందులో మామూలు గేరాయిలు ఉంటుంది, ఆ చెయ్యిని నడిపే హైడ్రాలిక్ నూనె విడిగా ఉంటుంది. సీవీటీలో గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి. నాలుగోది టార్క్ కన్వర్టరు ఉన్న అసలైన పాత ఆటోమేటిక్. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ మోడళ్ళలో ఉండేది ఇదే. ఎర్టిగా, బ్రెజా, క్రెటా కార్లలో కూడా కొన్ని మోడళ్ళకు ఇదే వస్తుంది.

ఈ నాలుగింటి నూనెలూ నాలుగు రకాలు. సీవీటీ బెల్టు పుల్లీని పట్టుకుని తిరగాలి. అందులో టార్క్ కన్వర్టరు బండి నూనె పోస్తే పట్టు తప్పి బెల్టూ పుల్లీ రెండూ గీరుకుపోతాయి. అందువల్ల షెడ్డులో డబ్బా మూత తీయకముందే మాన్యువల్‌లో రాసిన నూనె పేరునూ డబ్బా మీద పేరునూ సరిచూసుకోవాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా నాలుగో రకం గురించి.

ఒకే నూనె, ఎదురుబొదురు పనులు

టార్క్ కన్వర్టరు కార్ల కోసం పుట్టలేదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. వేగంగా తిరిగే టర్బైనుకూ నెమ్మదిగా తిరగాల్సిన ఓడ ప్రొపెల్లరుకూ మధ్య ద్రవంతో లంకె వేయడం అతని ఆలోచన. అమెరికాలో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్‌ను పెట్టింది. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్ బాక్సు అదే. కార్లలోకి టార్క్ కన్వర్టరు వచ్చింది మాత్రం 1948 నాటి బ్యూక్ డైనాఫ్లోతో.

కన్వర్టరులో ఇంజను తిప్పే రెక్కలు నూనెను విసురుతాయి. ఎదురుగా ఉన్న రెక్కలు ఆ విసురుకు తిరిగి గేర్లను నడుపుతాయి. మధ్యలో ఉన్న మూడో వరస రెక్కలు నూనె తిరిగొచ్చే దారిని మళ్ళించి, బండి కదిలేటప్పుడు లాగే బలాన్ని పెంచుతాయి. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ పడి, రెండు వైపులూ ఒకటై తిరుగుతాయి. కన్వర్టరు వెనకాల ప్లానెటరీ గేర్లుంటాయి. ఏ గేరు పడాలో తేల్చేది నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్లేట్లు. వాటిని నొక్కేది కూడా నూనె ఒత్తిడే. ఆ ఒత్తిడిని ఎప్పుడు ఎటు పంపాలో వాల్వ్ బాడీలోని సన్నని దారులూ, సోలినాయిడ్లనే విద్యుత్ కవాటాలూ చూసుకుంటాయి.

అంటే ఈ నూనె బలాన్ని మోస్తుంది, క్లచ్‌ను నొక్కుతుంది, గేర్లను తడుపుతుంది, వేడిని బయటికి తీసుకుపోతుంది. వీటన్నిటికన్నా గడ్డు పని ఇంకోటుంది. గేర్ల పళ్ళ మధ్య జారుడుగా ఉండాలి, క్లచ్ ప్లేట్ల మధ్య మాత్రం పట్టు ఇవ్వాలి. ఆ పట్టు కూడా ఒక్కసారిగా బిగిస్తే బండి కుదుపుతుంది, ఆలస్యం చేస్తే ప్లేటు కాలుతుంది. ఈ తూకం కోసమే నూనెలో ప్రత్యేక రసాయనాలు కలుపుతారు. ఒకప్పుడు ఆ పనికి స్పెర్మ్ తిమింగలాల నూనె వాడేవారు. 1970ల మొదట్లో అమెరికా తిమింగలం ఉత్పత్తుల్ని నిషేధించాక ప్రత్యామ్నాయాలు వెతుక్కోక తప్పలేదు. ఇప్పుడవన్నీ ప్రయోగశాలలో తయారయ్యేవే. ముందు అరిగిపోయేది ఈ రసాయనాలే. నూనె మట్టం తగ్గకపోయినా, దాని పనితనం తగ్గుతుంది.

వేడి లెక్క

కోటప్పకొండ ఘాటు రోడ్డు మీద నిండా మనుషులతో, ముందు బస్సు వెనక నెమ్మదిగా ఎక్కుతున్న కారును తీసుకుందాం. అంత తక్కువ వేగంలో లాకప్ క్లచ్ పడదు, కన్వర్టరులో నూనె చిలుకుడే సాగుతుంది. ఇంజను 30 కిలోవాట్లు ఇస్తూ, కన్వర్టరు అందులో 80 శాతమే ముందుకు పంపుతోందనుకుంటే మిగిలిన 6 కిలోవాట్లూ వేడిగా మారి నూనెలోకే పోతాయి. గేరుపెట్టెలో 7 లీటర్ల నూనె ఉంటే, కూలరు లేని పక్షంలో అది నిమిషానికి సుమారు 30 డిగ్రీలు వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న లోహం కొంత వేడిని పీల్చుకున్నా, కూలరు ఎంత ముఖ్యమో ఈ లెక్కతో తెలుస్తుంది.

కూలరు తన వేడిని చివరికి వదిలేది బయటి గాలికే. గాలి 25 డిగ్రీలున్నప్పటికీ 45 డిగ్రీలున్నప్పటికీ తేడా 20 డిగ్రీలు. బండి బరువు లాగుతున్నప్పుడు నూనె కూడా దాదాపు అంత ఎక్కువ వేడి మీదే ఉంటుంది. పల్నాడులో మరో చిక్కు సున్నపురాయి దుమ్ము. పిడుగురాళ్ళ సున్నం బట్టీల చుట్టూ, దాచేపల్లి, మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో తిరిగే బండ్ల రేడియేటరు రేకుల మధ్య ఆ దుమ్ము పేరుకుంటుంది. గేరుపెట్టెలోకి దూరలేని దుమ్ము ఇలా బయటి నుంచే దాన్ని వేడెక్కిస్తుంది. సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా రేడియేటరును తక్కువ ప్రెషరు నీళ్ళతో కడిగించడం నూనెకూ మేలే.

నూనె ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యే వేగం ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వేస్తారు. ఆ లెక్కన 90 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నూనె ఎక్కువసేపు 110 దగ్గర తిరిగితే, ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోతుంది. బజ్జీల బండి మీద మూకుడులో మరిగి మరిగి నల్లబడి, జిగటెక్కి, అంచులకు అంటుకునే నూనెలో సాగే మార్పు లాంటిదే ఇక్కడా సాగుతుంది. అంటుకునే ఆ పూత వాల్వ్ బాడీలో పడితే సన్నని వాల్వులు ఇరుక్కుంటాయి. అప్పుడే గేరు పడటానికి ఆలస్యం కావడం, డీ లో వేయగానే బండి కుదుపు ఇవ్వడం, యాక్సిలరేటరు తొక్కితే ఇంజను మోత పెరిగి బండి మాత్రం కదలకపోవడం మొదలవుతాయి.

జేసీబీ డ్రైవరుకు తెలిసిన సంగతి

టార్క్ కన్వర్టరు పల్నాడుకు కార్లతో రాలేదు. క్వారీల్లో, కాలవ పనుల్లో తిరిగే జేసీబీల్లో ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండేది టార్క్ కన్వర్టరే. మన దేశంలో ఆ కంపెనీ 1979 నుంచి ఉంది. ఆ బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. నిలబడిన చోటే రోజంతా పని చేస్తుంది కాబట్టి గంటల మీటరు చూసి ట్రాన్స్‌మిషన్ ఆయిలూ ఫిల్టరూ మారుస్తారు. జీవితాంతం ఉండే ఆయిలు అంటే ఏ ఆపరేటరూ నమ్మడు. కారు నూనె మీద పడే భారం తక్కువే, అయినా సూత్రం ఒకటే. జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్ లాంటి గేర్ బాక్సు తయారీదారే తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎంత ఆలస్యమైనా 8 ఏళ్ళకు నూనె మార్చమని సలహా ఇస్తోంది.

మార్చే పద్ధతి

బండి అన్ని వైపులా సమానంగా ఉండాలి. జాకీ మీద ముందు వైపు మాత్రమే ఎత్తితే మట్టం లెక్క తప్పుతుంది. పిట్ మీద గానీ ర్యాంపు మీద గానీ చేయాల్సిన పని ఇది. అనుభవం ఉన్న మెకానిక్కు ముందు పోసే వైపు బోల్టు తీస్తాడు, ఆ తర్వాతే దించే బోల్టు జోలికి పోతాడు. నూనె అంతా దించేశాక పోసే బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

దిగిన నూనెను కొలవాలి. తిరిగి పోయాల్సింది ముందుగా అంతే. తర్వాత అడుగు చాంబరు విప్పితే లోపల అయస్కాంతం కనిపిస్తుంది. దానికి బూడిద రంగులో మెత్తటి పొడి పట్టి ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదలే. గోటికి తగిలేంత లోహపు ముక్కలుంటే మాత్రం నూనె మార్చి చేతులు దులుపుకోకూడదు, పెట్టె విప్పాల్సి రావచ్చు. చాంబరు అడుగున నల్లటి మడ్డి ఎక్కువగా ఉంటే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. నూనె గులాబీ రంగులో నురగ కట్టి ఉంటే రేడియేటరులోని నీళ్ళు లోపలికి చేరాయన్నమాట. కాగితం లాంటి నారతో చేసిన క్లచ్ పూతను నీళ్ళు ఊడగొడతాయి.

ఫిల్టరు చాంబరు పైనే, పంపు నూనెను పీల్చే చోట ఉంటుంది. అది మూసుకుపోతే పంపుకు నూనె అందక ఒత్తిడి పడిపోతుంది. కొన్ని కొత్త గేర్ బాక్సుల్లో ఫిల్టరు ప్లాస్టిక్ చాంబరులోనే కలిసి ఉంటుంది, చాంబరుతో సహా మార్చాలి. ఇంజను ముందు చక్రాలను తిప్పే బండ్లలో చాలావాటికి ఫిల్టరు పెట్టె లోపలే ఉండిపోతుంది. వాటిలో నూనె ఒక్కటే మారుస్తారు, ఫిల్టరు కోసం పెట్టె విప్పరు. చాంబరు తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగు వేయాలి. బోల్టులు చిన్నవి, 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోవాలి. బలం కొద్దీ తిప్పితే చాంబరు అంచు వంగి కారడం మొదలవుతుంది.

చాంబరు నుంచి దిగేది మొత్తం నూనెలో సుమారు సగమే. మిగతాది కన్వర్టరులో, కూలరు గొట్టాల్లో ఉంటుంది. ఒకసారి దించి పోస్తే సగం కొత్తది. కొన్నాళ్ళు తిప్పి మళ్ళీ చేస్తే 75 శాతం, మూడోసారికి 87 శాతం దాటుతుంది. నూనె ఖర్చు పెరిగినా, యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగే పద్ధతికన్నా పాత బండికి ఇదే నెమ్మదైన దారి. కొత్త నూనె పోస్తే పాత గేర్ బాక్సు పోతుందనే భయం షెడ్డుల్లో ఉంది. అప్పటికే జారుతున్న క్లచ్‌లున్న బండిని చివరి ప్రయత్నంగా తెచ్చి నూనె మార్పిస్తే, పోయేది నూనె వల్ల కాదు, ముందే జరిగిన అరుగుదల వల్ల.

మే నెలలో మట్టం చూడటం కష్టం

కొత్త బండ్లలో చాలావాటికి గేరాయిలు కొలిచే కడ్డీ ఉండదు. ఇంజను నడుస్తుండగా, పార్క్ నుంచి డ్రైవ్ దాకా ప్రతి స్థానంలో కొన్ని క్షణాలు ఆపి, తర్వాత పక్కన ఉన్న మట్టం బోల్టు తీస్తారు. ఎక్కువైన నూనె ధారగా కారి, బొట్లు బొట్లుగా మారినప్పుడు మూసేస్తారు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి ఇదంతా ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలోనే జరగాలి. చాలా గేర్ బాక్సులకు అది 35–45 డిగ్రీల మధ్య ఉంటుంది, స్కానర్‌తో చూడాలి. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఇంజను తిప్పకముందే నూనె ఆ గీత దాటేసి ఉండవచ్చు. వ్యాకోచించిన నూనె ఎక్కువగా కారిపోతుంది, చల్లబడ్డాక లోపల తక్కువ మిగులుతుంది. అప్పుడు పంపు గాలిని పీలుస్తుంది. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది గనక ఒత్తిడి నిలవదు, క్లచ్‌లు జారతాయి. ఎక్కువ పోసినా ముప్పే. తిరిగే గేర్లు నూనెను చిలికి నురగ చేస్తాయి. కాబట్టి వేసవిలో ఈ పని తెల్లవారుజామున, రాత్రంతా ఆగి ఉన్న బండి మీద చేయించుకోవాలి.

దించిన పాత నూనెను షెడ్డు వెనక నేల మీద ఒలకబోయడం ఈ ప్రాంతంలో ఇంకా పెద్ద తప్పు. మన అడుగున ఉన్నది సున్నపురాయి. నీరు దాన్ని తొలిచి దారులు చేసుకుంటుంది, గుత్తికొండ బిలం అలా ఏర్పడిందే. అలాంటి పగుళ్ళలో పడినది బోరు నీళ్ళ దాకా పోగలదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన నూనెను డబ్బాల్లో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి.

ఎన్నాళ్ళకు మార్చాలన్నది ఇక చివరి ప్రశ్న. చాలా మాన్యువల్‌లలో మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠిన వాడకానికి ఇంకో పట్టిక ఉంటాయి. దుమ్ము దారులు, కొండలు, బరువు, 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ రోడ్లు – కఠిన వాడకం అంటే ఇవని కొన్ని మాన్యువల్‌లు రాస్తాయి. నరసరావుపేటలో, గురజాలలో ఏడాదిలో ఎక్కువ నెలల మధ్యాహ్నాలు ఆ గీతకు పైనే ఉంటాయి. కాబట్టి మనం చదవాల్సింది రెండో పట్టిక. అందులో అంకె లేకపోతే 60,000 కిలోమీటర్లు లేదా 5 ఏళ్ళు, ఏది ముందైతే దానికి మార్పించి, ఆ తేదీనీ మీటరు అంకెనూ సర్వీసు పుస్తకంలో రాయించుకోండి.