సికిల్ సెల్ నొప్పి: రోగి మాటే కొలత

మన్యంలో చలి ముదిరితే సికిల్ సెల్ ఉన్న ఇళ్లలో గుబులు మొదలవుతుంది. ఈ జబ్బులో ఎర్రకణాలు కొడవలిలా వంగి, గట్టిపడి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఆక్సిజన్ అందని చోట, ఎముకల్లోనో ఛాతీలోనో నడుములోనో, ప్రాణం తోడేసే నొప్పి లేస్తుంది. చలి, జ్వరం, అతి శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం దాన్ని రేపుతాయి. అరకు, పాడేరు కొండల్లో ఈ నాలుగింటికీ కొదవ లేదు.

అపోహ: రిపోర్టులు ఎప్పటిలాగే ఉన్నాయి, మనిషి అరవడమూ లేదు. అంత నొప్పేమీ ఉండదు.

వాస్తవం: ఈ నొప్పిని కొలిచే రక్తపరీక్ష లేదు. రోగి చెప్పిందే కొలత. అందుకే సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటారు, పిల్లలకైతే ముఖాల బొమ్మలు చూపిస్తారు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లిని తెలుగులో అంకె అడిగి, ఆమె తడబడితే నొప్పి తక్కువని రాసుకోవడం అన్యాయం. చిన్నప్పటి నుంచీ నొప్పితో పెరిగినవాళ్లు ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకుంటారు. రోగులు రోజూ రాసుకున్న డైరీల ఆధారంగా 2008లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో సగానికి పైగా రోజుల్లో నొప్పి ఉన్నట్టు తేలింది. వాటిలో ఆస్పత్రికి వెళ్లిన రోజులు చాలా కొద్ది. మిగతావన్నీ ఇంట్లో పళ్లబిగువున గడిపినవే. అలాంటి మనిషి డోలీ ఎక్కి, జీపు మారి ఆస్పత్రికి వచ్చాడంటే నొప్పి ఏ స్థాయిలో ఉందో వేరే చెప్పాలా?

అపోహ: మార్ఫిన్ ఇస్తే వ్యసనమైపోతుంది.

వాస్తవం: తీవ్రమైన నొప్పికి డాక్టర్ల పర్యవేక్షణలో, శ్వాసను గమనిస్తూ ఇచ్చే మార్ఫిన్ సరైన వైద్యమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆస్పత్రులు దాన్ని దగ్గర ఉంచుకోవడానికే జంకేవి. 2014 సవరణ నిబంధనల్ని సడలించినా జంకు పూర్తిగా పోలేదు. అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020 మార్గదర్శకాల ప్రకారం రోగి వచ్చిన గంటలోపు మొదటి మోతాదు పడాలి, ఆపైన 30 నుంచి 60 నిమిషాలకోసారి మళ్లీ అడిగి చూడాలి. మళ్లీ మందు అడిగాడంటే చాలాసార్లు దాని అర్థం ముందు మోతాదు సరిపోలేదనే. మన దేశంలో అసలు బాధ ఈ మందు ఎక్కువ కావడం కాదు, అందకపోవడం.

అపోహ: మార్ఫిన్ కంటే ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ సూది నయం.

వాస్తవం: సికిల్ సెల్ మూత్రపిండాల్ని ముందే దెబ్బతీస్తుంది. మాటిమాటికీ ఆ సూది పడితే మరింత చెడతాయి.

అపోహ: హైడ్రాక్సీయూరియా వేసుకున్నా నొప్పి తగ్గలేదు, కాబట్టి దండగ.

వాస్తవం: అది నొప్పి బిళ్ల కాదు. డాక్టరు చెప్పినట్టు రోజూ వాడితే, నెలల మీద, నొప్పి తిరగబెట్టడం తగ్గుతుంది. 1995 నాటి పరీక్షల్లో దాదాపు సగానికి తగ్గింది. గర్భం ఉన్నా, రావాలనుకుంటున్నా ముందే చెప్పాలి.

అపోహ: వాత పెడితే నొప్పి దిగుతుంది.

వాస్తవం: కాలిన పుండు చీము పట్టి జ్వరం తెస్తే నొప్పి మళ్లీ రేగుతుంది. గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు, ఐసు వద్దు. అయితే ఊళ్లో సంప్రదాయ వైద్యం చేసే దిసారి దగ్గరికి వెళ్లేవాళ్లను వెక్కిరించనక్కర్లేదు. ఆయన పక్కన కూర్చుని చెప్పింది వింటాడు. ఆస్పత్రి నేర్చుకోదగ్గది అదే.

అపోహ: ఫిర్యాదు చేయలేదు కాబట్టి రోగి తృప్తిగానే ఉన్నాడు.

వాస్తవం: మళ్లీ ఇదే గడప తొక్కాలి కాబట్టి నోరు మెదపడు. రోగి తృప్తి మందు ఒక్కదానితోనే రాదు. ఎంతసేపు కూర్చోబెట్టారు, మాట నమ్మారా, మందు పనిచేసిందో లేదో మళ్లీ వచ్చి అడిగారా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అమెరికా అత్యవసర విభాగాల్లోనే సికిల్ సెల్ రోగులు ఇతరులకంటే 25 శాతం ఎక్కువసేపు నిరీక్షించారని 2013లో ఒక అధ్యయనం తేల్చింది.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డుతోపాటు, కిందటిసారి ఏ మందు ఎంత మోతాదులో పనిచేసిందో డాక్టరుతో రాయించిన కాగితం దగ్గరుంచుకోండి. 101 డిగ్రీలు దాటిన జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, కాలు చెయ్యి పడిపోవడం, పిల్లల్లో ఎడమవైపు పొట్ట ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరాలి.