గొంతు మనీలాది, పాట అమెరికాది

అగ్రరాజ్యాలు తమ ఏలుబడిలోని దేశాల నుంచి చక్కెర, కొబ్బరి, ఖనిజాలు, చివరకు కూలీలను కూడా తరలించుకుపోవడం చరిత్ర ఎరిగినదే. కంఠస్వరాన్ని సైతం దిగుమతి చేసుకున్న ఉదంతం ఒకటి ఉన్నది. రాజధాని రాజకీయాలకు కేటాయించిన ఈ శీర్షికలో పాశ్చాత్య రాక్ సంగీతం ప్రసక్తి ఏమిటని కొందరు పాఠకులు ప్రశ్నించవచ్చు. కాని ఇది ఎంత సంగీత విషయమో అంత రాజకీయ విషయమూనని నా అభిప్రాయం.

'జర్నీ' అనే వాద్యబృందం 1973లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఏర్పడింది. 1977లో స్టీవ్ పెర్రీ అనే గాయకుడు చేరిన తరువాతనే దాని దశ తిరిగింది. 1981లో వెలువడిన 'ఎస్కేప్' ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో ప్రథమస్థానం అందుకున్నది. పెర్రీది తారస్థాయిలో అవలీలగా విహరించే గొంతు. ఆయన వైదొలగిన పిమ్మట 1998 నుంచి ఆ స్థానంలో మరొకరు, ఆ తరువాత ఇంకొకరు పాడారు. 2007 మధ్యనాటికి ఆ పీఠం మళ్లీ ఖాళీ అయింది. ఆ దశలో బృందం గిటార్ వాద్యకారుడు నీల్ షాన్ యూట్యూబ్‌లో గాలిస్తూ ఉండగా, మనీలాలో ఇతరుల పాటలు పాడుతున్న ఒక ఫిలిప్పీన్ గాయకుడు కంటబడ్డాడు. అతడే ఆర్నెల్ పినేడా.

పినేడా 1967లో మనీలాలో జన్మించాడు. పదమూడవ యేట తల్లి మరణించింది. ఆమె వైద్యానికి చేసిన అప్పులతో కుటుంబం చెల్లాచెదరయింది. ఆ బాలుడు ఉద్యానవనంలో నిద్రించి, పాత ఇనుము, సీసాలు, వార్తాపత్రికలు ఏరి అమ్ముకుని కాలం గడిపాడు. పదిహేనవ యేట ఒక స్థానిక బృందంలో గాయకుడయ్యాడు. తరువాత హాంకాంగ్‌లో సంవత్సరాల తరబడి రాత్రివేళ క్లబ్బుల్లో పాడాడు. షాన్ నుంచి వర్తమానం వచ్చినప్పుడు ఎవరో ఆటపట్టిస్తున్నారనే భావించాడట. మనీలాలో వీసా అధికారి ఈ కథను నమ్మక, జర్నీ పాట ఒకటి పాడి చూపమన్నాడని పినేడాయే పలుమార్లు చెప్పాడు. పాడాడు, వీసా వచ్చింది.

ఈ చివరి ఘట్టం వద్ద నేను కొంత ఆగవలసివచ్చింది. ఢిల్లీ శాంతిపథ్‌లో అమెరికా రాయబార కార్యాలయం ముందు పత్రాల సంచులు పట్టుకుని నిలబడే మన యువకులను ఎరిగినవారికి ఇందులోని వేడుకతోపాటు చేదు కూడా తెలుస్తుంది. తాను ఎవరో చెబితే చాలదు, తన విద్యను అక్కడికక్కడ ప్రదర్శించి నిరూపించుకోవాలి! సంపన్న దేశపు గడప వద్ద పేద దేశపు ప్రతిభకు ఎదురయ్యే తొలి పరీక్ష ఇదే.

ఒక ఫిలిప్పీన్ వాసి గొంతులో అమెరికన్ పాట అంత సహజంగా ఎలా పలికింది? దైవదత్తమని సరిపెట్టుకోవచ్చు గాని, దైవానికి చరిత్ర కొంత తోడ్పడింది. 1898లో స్పెయిన్ 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని ఆ ద్వీపాలను అమెరికాకు అప్పగించింది. అక్కడి ప్రజలు ఎదురు తిరిగితే ఆయుధబలంతో అణచివేశారు. ఆ వెనుక బడులలో ఇంగ్లీషు వచ్చింది, పాటలూ వచ్చాయి. 1946లో స్వాతంత్ర్యం లభించినా సైనిక స్థావరాలు మిగిలాయి. వాటిని ఆశ్రయించి మద్యశాలలు, వాటిలో అమెరికన్ పాటలు పాడే స్థానిక బృందాలు వెలిశాయి. స్థావరాల ఒప్పందాన్ని ఫిలిప్పీన్ సెనేట్ 1991లో తిరస్కరించేనాటికి ఆ దేశపు గాయకులు ఆసియా నగరాల హోటళ్లన్నిటా స్థిరపడిపోయారు. మార్కోస్ ప్రభుత్వం 1974 నాటి కార్మిక స్మృతి ద్వారా మనుషుల ఎగుమతిని జాతీయ విధానంగా మార్చింది. తరువాత వచ్చిన కోరజాన్ ఆక్వినో వలసపోయినవారిని 'కొత్త వీరులు' అని కీర్తించారు. ఉన్న ఊరిలో ఉపాధి చూపలేని ప్రభుత్వాలకు బిరుదులు ప్రసాదించడం తేలిక.

మనకూ ఈ అనుభవం కొత్త కాదు. పోర్చుగీసు ఏలుబడిలో చర్చి పాఠశాలలలో స్వరలిపి నేర్చిన గోవా సంగీతకారులు బొంబాయి హోటళ్లలో జాజ్ వాయించి, ఆ పిమ్మట హిందీ చిత్రాల వాద్యబృందాలకు వెన్నెముకగా నిలిచారు. ఆంథొనీ గొన్సాల్వెస్, సెబాస్టియన్ డిసౌజా వంటి ఉద్దండుల సేవ సామాన్య ప్రేక్షకునికి తెలియనే తెలియదు. రాగం ఒకరిది, పేరు మరొకరిది.

కాగా, కొత్త గాయకునితో జర్నీ ప్రపంచయాత్ర 2008 ఫిబ్రవరిలో చిలీ దేశపు వీన్యా దెల్ మార్ సంగీతోత్సవంతో ఆరంభమైంది. జూన్‌లో వెలువడిన 'రివెలేషన్' అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాలలో మాత్రమే అమ్మకానికి వచ్చి, పట్టికలో అయిదవ స్థానంతో ప్రవేశించింది. అందులో ఒక డిస్కు కొత్త పాటలది. రెండవదానిలో పెర్రీ పాడిన పాత పాటలనే పినేడా చేత మళ్లీ పాడించారు. వ్యాపారుల ఆలోచన ఇందులో స్పష్టమే. వారికి కావలసినది కొత్త గొంతు కాదు, పాత గొంతు కొత్తగా కావాలి. 'అమెరికన్ బృందానికి అమెరికన్ గాయకుడే ఉండాలి' అని గొణిగిన అభిమానులకూ కొదవ లేకపోయింది. కళ్లు మూసుకుని విన్నంతసేపు వారికి అభ్యంతరం లేదు; కళ్లు తెరిస్తేనే చిక్కు!

అయినా నలభై యేళ్లు పైబడిన ఆ మనిషి రాత్రి తరువాత రాత్రి ఆ తారస్థాయిని నిలబెట్టాడు. ఆ శ్రమ, జలుబు చేస్తే గొంతు ఏమవుతుందోనన్న భయం, ఇంటిమీద బెంగ రమోనా డియాజ్ తీసిన డాక్యుమెంటరీలో కనిపిస్తాయి. 2009 మార్చి 14న యాత్ర మనీలా చేరింది. ఒకనాడు చెత్త ఏరుకున్న నగరంలోనే అశేష జనం ఎదుట అతడు పాడాడు.

2017 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరంలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ జర్నీని సత్కరించింది. గౌరవం పొందిన ఏడుగురిలో పెర్రీ ఉన్నాడు, పినేడా లేడు. పెర్రీ వేదికనెక్కి, ప్రతి రాత్రి మనసు పెట్టి పాడుతున్నందుకు పినేడాకు కృతజ్ఞతలు చెప్పాడు గాని పాట పాడలేదు. సత్కారం అందుకున్నవాడు పాడలేదు. పాడినవాడికి సత్కారం లేదు.

పాత సభ్యులకే గౌరవమన్నది ఆ సంస్థ నియమం కావచ్చు. దానిని నేను కాదనను. అయితే తొమ్మిదేళ్లు ఆ పాటలను దేశదేశాలకు మోసిన గొంతుకు ఆ పలకం మీద చోటు లేకపోవడం, గల్ఫ్ నగరాల మేడలు కట్టిన మన కరీంనగర్, నిజామాబాద్ కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేకపోవడం వేర్వేరు సంగతులని నమ్మడం నాకు కష్టంగా ఉన్నది. పినేడా అదృష్టవంతుడు, లోకానికి అతని పేరయినా తెలిసింది.