ఒకే కర్మాగారం, ఒకే రైఫిల్: కొనుగోలుదారుకు కొలబద్ద ఏది?

మన దేశంలో లైసెన్సు చేతపట్టుకొని బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనబోయే పౌరుడికి ఎంపిక చేసుకోవలసిన శ్రమ పెద్దగా ఉండదు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారుచేసే .315 స్పోర్టింగ్ రైఫిల్ దశాబ్దాలుగా దుకాణాల్లో కనిపించే ప్రధాన సరుకు. అది వద్దనుకుంటే ఎవరో తమ తాతల నాటి విదేశీ రైఫిల్‌ను అమ్మజూపేదాకా వేచివుండాలి. అటువంటి తుపాకీ యాభై అరవై ఏళ్లు వాడినదైనా కొత్త దేశవాళీ రైఫిల్‌ను మించిన ధర పలకడం ఈ వ్యాపారంలో వింత కాదు. వస్తువు పాతబడినకొద్దీ ధర తగ్గాలన్న సూత్రం ఇక్కడ తలకిందులు కావడానికి ఉక్కు నాణ్యత కొంతవరకే కారణం. మిగిలినదంతా ప్రభుత్వ విధానం.

1980ల మధ్యకాలంలో కేంద్రం పౌరుల కోసం తుపాకుల దిగుమతిని దాదాపుగా ఆపివేసింది. గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారులకు మాత్రం మినహాయింపు మిగిలింది. అప్పటికే దేశంలో ఉన్న విన్‌చెస్టర్లు, మౌజర్లు నాటినుంచి పెరగని నిధిగా మారాయి. అరుదైనదానికి అధిక ధర రావడం సహజమే. అయితే ఆ ధరను చూసి ప్రతి విదేశీ రైఫిలూ మేలైనదనుకోవడం పొరపాటు.

దేశవాళీ రైఫిల్ పుట్టుకలోనే ఒక విచిత్రం ఉన్నది. కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ తీరంలో ఉన్న ఈషాపూర్ కర్మాగారం బ్రిటిష్ హయాంలో సైన్యానికి .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను తయారుచేసింది. సైన్యం వాడే బోరు పౌరులకు నిషిద్ధం. అందుచేత అదే లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికి .315 గొట్టం బిగించి పౌరులకు అమ్మారు. ఆ .315 తూటా మాత్రం ఏమిటి? ఒకప్పటి ఆస్ట్రియా సైన్యపు మాన్‌లిషర్ తూటాకు రూపాంతరమే! మన సైన్యానిది కానంతవరకు అభ్యంతరం లేకపోయింది.

ఈ రైఫిల్‌ను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ చకచకా కదులుతుంది, దుమ్మూ బురదా సోకినా మొరాయించదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో నిగ్గుతేలిన యంత్రమది. చిక్కు మరోచోట ఉన్నది. మౌజర్ పద్ధతిలో బోల్ట్‌ను బిగించే లగ్గులు ముందుభాగాన, తూటాను ఆనుకొని ఉంటాయి. లీ పద్ధతిలో అవి వెనుక ఉంటాయి. పేలుడు ఒత్తిడికి బోల్ట్ పొడవునా కొంత సాగే గుణం దానివల్ల కలుగుతుంది. అధిక పీడనపు తూటాలకు అది అనుకూలం కాదు. కొయ్య రెండు ముక్కలు కావడంతో వానాకాలపు చెమ్మకు ముందు ముక్క ఉబ్బి గొట్టాన్ని ఒరుసుకుంటే గురి మారుతుంది. .315 గుండు దాదాపు 16 గ్రాముల బరువుతో సెకనుకు సుమారు 650 మీటర్ల వేగంతో వెలువడుతుంది. .30-06 గుండు దాదాపు 12 గ్రాములదైనా వేగం 800 మీటర్లు దాటుతుంది. నూరు మీటర్లలోపు .315 దెబ్బకు వంక పెట్టలేము. అంతకు మించిన దూరంలో గుండు త్వరగా కిందికి జారుతుంది.

పోటీ ఉన్నచోట ఏమి జరిగిందో అమెరికా అనుభవం చెబుతుంది. 1958లో వచ్చిన సావేజ్ 110కు గొట్టాన్ని ఒక పెద్ద నట్టుతో బిగించారు. చూపుకు మోటుగా ఉన్నా, నిపుణుడు గంటలకొద్దీ చేయవలసిన అమరిక పని సులువైంది, ధర తగ్గింది, గురి మాత్రం తగ్గలేదు. 1962 నాటి రెమింగ్టన్ 700 గుండ్రని ఉక్కు కడ్డీనుంచి రిసీవర్‌ను చెక్కి ఖర్చు ఆదా చేసింది. విన్‌చెస్టర్ కూడా 1964లో తన మోడల్ 70పై ఖర్చు తగ్గించబోయి, తూటాను గట్టిగా పట్టుకునే మౌజర్ తరహా కొక్కేన్ని తొలగించింది. కొనుగోలుదారులు ముఖం తిప్పుకున్నారు. 1964కు ముందువి కావాలని వెతికి మరీ ఎక్కువ ధర పెట్టారు. చివరకు 1990లలో ఆ కొక్కెం తిరిగి వచ్చింది. అంటే మంచి పొదుపు ఏదో, చెడ్డ పొదుపు ఏదో అక్కడ గిరాకీ తేల్చిచెప్పింది. మన కొనుగోలుదారుకు ముఖం తిప్పుకొనే అవకాశమే లేదు. తిప్పుకుంటే ఎదురుగా ఉన్నది గోడ.

వేట నిషిద్ధమైన దేశంలో ఈ పోలికలు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వినోదపు వేటకు తెరదించిన మాట నిజమే. కాని మనుషులకూ పంటలకూ ముప్పు తెచ్చే జంతువులను అధికారుల అనుమతితో కాల్చేందుకు అదే చట్టం వీలు కల్పించింది. కేంద్రం నీల్గాయిని బీహార్‌లో హానికర జంతువుగా ప్రకటించిన దరిమిలా 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో 200కు పైగా నీల్గాయిలను కాల్చారు. ఆ పనికి పిలిపించినది హైదరాబాద్ షూటర్లనే. కేరళ ప్రభుత్వం 2022లో అడవిపందుల కాల్చివేతకు ఉత్తరువిచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది.

ఇక్కడే అసలు వైపరీత్యం. 1959 ఆయుధ చట్టం పంట రక్షణకై రైతుకు ప్రధానంగా ఉద్దేశించినది మందు కూరే నాటు తరహా తుపాకీని. అది చాలదనుకుంటే గాడి లేని గొట్టపు తుపాకీని. గురి తప్పి గాయపడిన పంది తుప్పల్లోకి దూరితే ఎంత ప్రమాదమో అడవి అంచు గ్రామాలకు తెలుసు. కచ్చితమైన ఆయుధం అందరికంటే అవసరమైనవాడికి అన్నిటికంటే కచ్చితత్వం లేనిది దక్కుతున్నది.

2016 ఆయుధ నియమావళి ప్రైవేటు తయారీకి తలుపు తెరిచింది. ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరిట తయారీ రివాల్వర్లతో మొదలైంది. ఆత్మరక్షణ ఆయుధానికి ఉన్న గిరాకీ రైఫిల్‌కు లేకపోవడమే అందుకు కారణం కావచ్చు. ఆయుధ కర్మాగారాల బోర్డు 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడిపోయి, ఈషాపూర్ కర్మాగారం కాన్పూర్ కేంద్రంగా గల అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా సంస్థ కిందకు వచ్చింది. బోర్డు పోయినా .315 కొనేవారికి ప్రభుత్వరంగమే దిక్కు.

ఈలోగా పాత రైఫిల్ కొనదలచినవారు కంపెనీ పేరు చూసి మురిసిపోకుండా గొట్టాన్ని వెలుతురుకు పట్టి లోపలి గాళ్లు అరిగాయేమో చూడాలి. బోల్ట్‌పై సంఖ్య, రిసీవర్‌పై సంఖ్య ఒకటేనా అన్నది సరిచూసుకోవాలి. ఆ బోరు తూటాలు తమ ఊరి దుకాణంలో దొరుకుతాయో లేదో ముందే విచారించాలి. తూటా దొరకని రిగ్బీ కంటే దొరికే .315 నయం.