పాటల డబ్బ కొనేముందు కంప్యూటర్‌కు పెట్టి సూడుండ్రి

మా నాయినమ్మ పాడిన తొమ్మిది బతుకమ్మ పాటలు ఒక చిన్న మ్యూజిక్ ప్లేయర్‌ల ఉండె. ఆమె వాకిట్ల కూసోని పాడుతుంటె నేనే రికార్డు చేసిన. ఆమె పోయినంక వాటిని కంప్యూటర్ల దాసిపెడ్దామని కేబుల్ పెడితే ఏమీ కనవడలె. అప్పటికే నా ల్యాప్‌టాప్‌ల విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిచ్చిన. ఆ ప్లేయరేమో కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ ఉంటెనే తెరుసుకుంటది, ఆ సాఫ్ట్‌వేరేమో విండోస్‌ల తప్ప నడ్వది. కంపెనీ సైట్‌ల ఎతికితే ఎప్పుడో తీసేసిండ్రు. ఆఖరికి ప్లేయర్ పెట్టెల వచ్చిన సీడీ దొరికింది. తెలిసినాయన దగ్గర పాత కంప్యూటర్ అడుక్కొని పాటలు బయటికి తీసిన. గని గా నాలుగు రోజులు నాకు నిద్ర లేదు.

పాడింది మా నాయినమ్మ, పైసలు పెట్టి ప్లేయర్ కొన్నది నేను. మరి పాట తీసుకోనీకె కంపెనీని అడుగుడేంది?

గందుకే ఇప్పుడు ఎవలన్న ప్లేయర్ కొంటమంటె నేను సౌండ్ గురించి మొదలు చెప్ప. కంప్యూటర్‌కు పెడితె పెన్‌డ్రైవ్ లెక్క కనవడుతదా అని అడుగుత. దీన్ని మాస్ స్టోరేజ్ అంటరు. కొన్నిట్ల సెట్టింగ్స్‌ల ఎంఎస్‌సీ అని రాసుంటది. గిట్లుంటె ఏ డ్రైవరూ అక్కెర లేదు. లినక్స్ అయినా, ఇంకోటైనా, ఫోల్డర్ తెరిచి పాటలు ఏసుకునుడు, తీసుకునుడు, గంతే.

రెండోది ఎంటీపీ. మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి, ఇయ్యాల మన ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా దీంతోనే నడుస్తున్నయి. మాస్ స్టోరేజ్‌ల డిస్కు మొత్తం కంప్యూటర్ చేతికి పోతది, గప్పుడు ఫోను దాన్ని వాడుకోలేదు. ఎంటీపీల ఒక్కొక్క ఫైలు అడిగి తీసుకునుడు ఉంటది. లినక్స్‌ల ఇది నడ్వదని కాదు, లిబ్‌ఎంటీపీ అని ఉంది, నడుస్తది. గని వందల పాటలు ఒక్కసారి ఏస్తె మధ్యల ఆగుతది, సతాయిస్తది. రెండు పద్ధతులూ ఉన్న ప్లేయర్ దొరికితె ఎంఎస్‌సీకి మార్చుకోండ్రి.

మూడోదాంతోనే అసలు తంటా. పాత ఐపాడ్‌నే సూడుండ్రి. డిస్కు లెక్క కనవడుతది, పాటలు కాపీ కూడ అయితయి, గని పాడది. ఎందుకంటె దాని లోపల ఒక డేటాబేస్ ఉంటది, అండ్ల పేరెక్కిన పాటనే అది పాడుతది. లోపలికి పోయిన పాటల ఫైళ్లకు నాలుగక్షరాల గజిబిజి పేర్లు పెట్టి దాసేస్తది. లినక్స్ వాళ్లు జీటీకేపాడ్ లాంటివి రాసి ఆ డేటాబేస్ నింపుడు నేర్సుకున్నరు. 2007ల వచ్చిన మాడళ్లల్ల ఆపిల్ ఇంకో లెక్క జోడించి, బయటి ప్రోగ్రాములు రాసింది చెల్లకుండ చేసింది. దాన్ని కూడ ఇప్పిండ్రు, అది ఏరే ముచ్చట. 2022ల ఐపాడ్‌నే ఆపేసిండ్రు.

ఇగ దీనికి ఎదురు నిలవడ్డది రాక్‌బాక్స్. 2001ల ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలైంది. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు ప్లేయర్ల ఇది ఎక్కిస్తె, ఫోల్డర్‌ల ఉన్న పాటను ఉన్నట్టె పాడుతది. పాత ఐపాడ్లు చాన వరకు, శాన్‌డిస్క్ శాన్సా క్లిప్ ప్లస్, క్లిప్ జిప్ లాంటివి దీంతోని నడుస్తయి. క్లిప్ ప్లస్ నాకు మస్తు నచ్చుతది, అగ్గిపెట్టె అంత ఉంటది, కార్డు కూడ పడుతది. ఇప్పుడు కొత్తయి వస్తలేవు, సెకండ్‌హ్యాండే. బ్యాటరీ ఎట్లుందో సూసుకోని తీసుకోండ్రి.

కార్డు అన్న గదా, జర గట్టిగ చెప్త. మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే జాగ లేని ప్లేయర్ కొనకుండ్రి. రేపు ప్లేయర్ చెడిపోయినా, కేబుల్ పని చెయ్యకున్నా, కార్డు గుంజి రీడర్‌ల పెడితె కార్డు మీదున్న పాటలు మన చేతికొస్తయి. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిల వస్తయి. పాత ప్లేయర్లు కొన్ని దాన్ని సదవవు, గట్లయితె లినక్స్‌లనే ఫ్యాట్32కు ఫార్మాట్ చేసుకోవచ్చు. కేబుల్ పీకేముందు ఎజెక్ట్ ఒత్తుడు మర్సిపోకుండ్రి. కాపీ అయిందని కనవడ్డా కంప్యూటర్ ఇంకా రాస్తనే ఉంటది.

ఫార్మాట్ల లొల్లి ఇప్పుడు తగ్గింది. ఎంపీ3 పేటెంట్లు 2017 కల్ల అయిపోయినయి, లినక్స్‌ల అడ్డం లేదు. పాత రికార్డింగులు దాసుకునేటోళ్లు మటుకు ఫ్లాక్ పాడే ప్లేయర్ ఎతకాలె, అండ్ల నాణ్యత పోదు. తెలుగు అక్షరాలు చిన్న ప్లేయర్లల్ల చాన సార్లు డబ్బాలు డబ్బాలుగ కనవడుతయి. నేను ఇంగ్లీషు అక్షరాలల్ల పేర్లు పెట్టుకుంట, మనసొప్పక పోయినా.

దుక్నంకు పొయ్యేటప్పుడు ల్యాప్‌టాప్ సంచిల ఏసుకోండ్రి. లేకుంటె లినక్స్ ఎక్కిచ్చిన పెన్‌డ్రైవ్ పట్టుకపోయి ఆడున్న కంప్యూటర్‌నే దాంతోని నడిపియ్యిండ్రి. కేబుల్ పెట్టి, ఒక పాట ఏసి, తీసి, మల్ల ప్లేయర్ల పాడిచ్చి సూడుండ్రి. దుక్నపాయన ఇసుక్కుంటడు. ఇసుక్కోనియ్యుండ్రి.